వదిన కణాలు, నా నోరు

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచి, ఎవరికీ చెప్పనని ఒక మనిషికి మాటిచ్చిన సంగతిని సంఘమంతటికీ చెప్పేశాను. పేరు చెప్పలేదు. పేరు చెప్పలేదు కదా అని కాసేపు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా. కానీ చెబుతున్నంతసేపూ నా చూపు ఆడవాళ్లు కూర్చున్న చాపల వైపు, కిటికీ పక్కన కూర్చున్న ఆమె మీదికే పోతూ ఉంది. నా చూపు వెంట అందరి తలలూ అటే తిరిగాయి. పేరు చెప్పి ఉంటే ఇంతకంటే ఎక్కువ ఏం జరిగేది?

ఆమె నాకు వదిన వరుస. రక్తసంబంధం లేదు, వాళ్లాయనను చిన్నప్పటి నుంచి అన్నా అని పిలుస్తాను, అంతే. ఆయన మస్కట్‌లో పని చేస్తాడు. ఆమె ఇక్కడ ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇక్కడ అంటే ఆసిఫాబాద్ దాటాక వచ్చే ఒక చిన్న ఊరు. దాని పేరు రాయను. నేను పెరిగిందీ, మా అక్క ఉండేదీ అక్కడే. నేను కరీంనగర్‌లో ఉంటాను. వీలు దొరికినప్పుడు శనివారం బస్సెక్కి మంచిర్యాల మీదుగా అక్క ఇంటికి వచ్చి, ఆదివారం నేను బాప్తిస్మం తీసుకున్న గుడికి వెళ్లి, సాయంత్రానికి తిరిగిపోతాను.

కరీంనగర్‌లో నేను పని చేసేది ఒక కంటి ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న చిన్న ల్యాబ్‌లో. నా పని కణాలను పెంచడం. ఇది ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, కోళ్లను పెంచినట్టా అని. ఒక విధంగా అలాంటిదే. వేళకు మేత పెట్టాలి, వేడి తగ్గకుండా చూడాలి, ఒక్కరోజు ఏమరితే పోతాయి.

బతికున్న మనిషి కంటి వెనక పొరను కోసి చూడలేం. ఆ పొరనే రెటీనా అంటారు. అందులో ఏదైనా క్రిమి చేరితే డాక్టరు బయటి నుంచి మచ్చను చూసి, లోపల ఏం జరుగుతోందో ఊహించుకోవాల్సిందే. అందుకని మేం చుట్టుదారిన వెళ్తాం. రోగి చేతి నుంచి కాస్త రక్తం తీసుకుని, అందులోని కణాలను వాటి పసితనానికి తీసుకుపోతాం. ఇంకా ఏమీ కాని, ఏమైనా కాగల ఆ కణాలను మూలకణాలంటారు. అంతవరకు హైదరాబాద్‌లోని ఒక పెద్ద ల్యాబ్ చేసి పంపుతుంది. అక్కడి నుంచి వాటిని నెలల తరబడి పోషించి రెటీనా కణాలుగా ఎదిగించే పని మాది. ఎదిగాక మైక్రోస్కోప్ కింద చూస్తే వాగు ఒడ్డున గులకరాళ్లు దగ్గరదగ్గరగా పరిచినట్టు ఉంటాయి. కొన్నాళ్లకు వాటికి రంగు పడుతుంది, పాలు పోయని టీ రంగు. అప్పుడు వాటి మీదికి క్రిమిని వదులుతాం. ఏ దారిన లోపలికి పోయింది, ఏ కణం ఎదిరించింది, ఏ మందు వేస్తే ఆగింది అని చూస్తాం.

మేం చూసే క్రిమి పేరు టాక్సోప్లాస్మా. పిల్లుల పేగుల్లో పెరుగుతుంది. పిల్లి పెంట కలిసిన మట్టి నుంచి, నీళ్ల నుంచి, సరిగా ఉడకని మాంసం నుంచి మనిషిలోకి చేరుతుంది. చాలామందిలో చేరి, ఏ కీడూ చేయకుండా పడి ఉంటుంది. కొందరిలో మాత్రం కంటి దాకా పోయి రెటీనాను పాడు చేస్తుంది. ఆ కొందరిలోనే ఎందుకు అన్నది మా ల్యాబ్ పట్టుకుని కూర్చున్న ప్రశ్న.

వదిన ఆ కొందరిలో ఒకరు. కుడికంట్లో పొగ కమ్మినట్టుందని కరీంనగర్ వచ్చినప్పుడు ఆసుపత్రి వరండాలో నన్ను చూసి, తెలిసిన ముఖం దొరికిందని ఏడ్చినంత పని చేసింది. మందులతో ఆ కన్ను కొంత మిగిలింది. ఎడమకన్ను బాగానే ఉంది. మా డాక్టరమ్మ అనుమతితో ఆమె రక్తం అడిగింది నేనే. ఎందుకో, ఏం చేస్తామో చెప్పాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"తీస్కపో తమ్మీ. గాని మనూర్ల ఎవలకు తెల్వద్దు. నేను పోరలకు వండిపెట్టేదాన్ని."

"ఎవలకు చెప్ప వదినె" అన్నాను.

ఊళ్లో ఆమె కంట్లో పత్తి కట్టె గుచ్చుకుందని చెప్పుకుంది. పత్తి చేలల్లో అది జరిగేదే కాబట్టి అందరూ నమ్మారు. మా ల్యాబ్‌లో రోగుల పేర్లు ఉండవు, గుర్తులే ఉంటాయి. అయినా ఆ గుర్తు ఎవరిదో నాకు తెలుసు. మిగతా కణాలకంటే వాటిని ఒక పిసరు ఎక్కువ ప్రేమతో చూసుకునేవాణ్ని. మా ఊరివి కదా అని. ఆ ప్రేమే నన్ను ఆ రోజు లేపి నిలబెట్టిందని చెప్పుకుంటే బాగుంటుంది కానీ అది నిజం కాదు.

నిజం ఇది. ఆ రోజు నాకంటే ముందు ఒకాయన లేచి, కొత్తగా కట్టుకున్న ఇంటి గురించి సాక్ష్యం చెప్పాడు. పునాది నుంచి మొదలుపెట్టి వంటింటి టైల్స్ దాకా వచ్చి, అన్నిటికీ దేవునికి స్తోత్రం చెప్పాడు. జనం తలలూపారు. తర్వాత పాస్టరు అయ్యగారు నా వైపు చూసి, మన తమ్ముడు కరీంనగర్‌ల పెద్ద పరిశోధన చేస్తుండు, రెండు మాటలు చెప్తడు అన్నారు. పెద్ద పరిశోధన అన్న మాట నా తలకెక్కింది. టైల్స్ కంటే గొప్ప సంగతి చెప్పాలనిపించింది. రక్తాన్ని వెనక్కి నడిపించి కన్ను చేస్తున్నామన్నాను. ఎక్కడో ఎవరివో కాదు, ఈ సంఘంలోనే ఉన్న ఒక అక్క కంటి పొర నా చేతుల్లో పెరుగుతోందన్నాను. ఆమె కన్ను తిన్న క్రిమితో గాజుగిన్నెలో యుద్ధం చేస్తున్నామన్నాను. ఎవరో ఆమేన్ అన్నారు. దాంతో ఇంకొంచెం చెప్పాను.

వదిన కొంగు తల మీదికి లాక్కుంది. చివరి పాట అయ్యేలోపే లేచి, ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోయింది.

అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. ఆదివారం కాబట్టి కోడికూర. అక్క నా పళ్లెంలో అన్నం వడ్డించి, కూరగిన్నె తన దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

"ఇంకేమన్న మిగిలిందా చెప్పేది? కూర తింటె మల్ల నోరు తెరుస్తవేమో."

"పేరు చెప్పలే గదక్కా."

"ఆ, పేరు చెప్పలే. ఏలు వెట్టి చూపెట్టినవ్."

తర్వాత అక్క చెప్పింది విని పళ్లెం పక్కకు జరిపాను. ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. పిల్లలకు వడ్డించే ముందు రోజుకొక తల్లి వచ్చి, వండినది రుచి చూడాలి. ఆమె తిని బాగుందన్నాకే పిల్లల పళ్లేల్లో పడుతుంది. వంతులు ఇంటింటికీ తిరుగుతాయి. సోమవారం వంతు అక్క వాళ్ల వెనకింటి ఆమెది. ఆమె కూతురు అదే బడిలో ఒకటో తరగతి. ఆ పొద్దున ఆమె కూడా ఆరాధనలో ఉంది. ఇంటికి వచ్చీ రాగానే గోడ మీదుగా అక్కతో తేల్చి చెప్పిందట: ఆ వంట ముద్ద కూడా నోట్లో పెట్టను, బడి పెద్దసారును కలిసి వంటమనిషిని మార్చమంటాను అని. ఆమె ఒక్కతే కాదు, ఇంకొందరు తల్లులు కూడా ఆమె వెంట వస్తామన్నారట. మధ్యాహ్నానికే నా యుద్ధం కథ ఎక్కడికో పోయింది. వదిన కంట్లో పురుగులున్నాయని, వంగి పప్పు కలుపుతుంటే గంజులో రాలుతాయని చెప్పుకుంటున్నారు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఏదో పెట్టారు. అది మస్కట్ దాకా పోయింది.

ఆ వంటే వదినకు ఆధారం. మస్కట్‌లో అన్న పని చేసే కంపెనీ ఒక నెల జీతమిస్తుంది, ఒక నెల ఇవ్వదు. అది ఆ ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే నోరు జారాను.

చేయి కడుక్కుని, మంచిర్యాల బస్సు ఎప్పుడుందో చూశాను. కణాలకు మేత మార్చాలి, రేపు పొద్దున్నే ల్యాబ్‌లో ఉండాలి అని అక్కతో అన్నాను. ఆ పని నా తోటి అమ్మాయి కూడా చేయగలదు. అది అక్కకు తెలియదు, నాకు తెలుసు. బ్యాగు భుజానికి వేసుకుంటే అక్క ఆపలేదు.

"పో. నీకేంది. ఆమె కండ్లు నీ గిన్నెలల్ల సల్లగున్నయి. ఈడ మనిషుంటె ఏంది, పోతె ఏంది."

బ్యాగు దించాను. దించినందుకు నేను మంచివాణ్ని అయిపోలేదు. అక్క ముందు బస్సెక్కే ముఖం లేక దించాను. అంతే.

ముందు మా డాక్టరమ్మకు ఫోన్ చేశాను. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. తప్పు చేసినవాడు చెప్పుకోవాల్సింది కొంచెమే ఉంటుంది. నాకు తెలిసిందే అయినా, ఆమె వరుసగా చెప్పి నా చేత తిరిగి చెప్పించుకుంది. ఈ క్రిమి తాకితే రాదు. ఊపిరితో రాదు, కన్నీటితో రాదు. అలాంటి మనిషి వండిందని అన్నంలోకి రాదు. చివరగా అంది:

"ముందు ఆమె పని పోకుండా చూడండి. మీ సంగతి నేను తర్వాత చూస్తాను. ఇంకొకటి. ఆమె కణాలు మన దగ్గర ఉండాలా వద్దా అన్నది ఇప్పుడు మళ్లీ ఆమెను అడగాలి. వద్దంటే తీసేస్తాం. బతిమాలకండి."

వదిన ఇంటికి వెళ్లేసరికి ఆమె గడపలో కూర్చుని ఉంది. ఫోన్‌లో అన్న. ఆయన గొంతు నాకు బయటికే వినిపిస్తోంది, కంట్ల పురుగులేంది, నాకెందుకు చెప్పలే అని. ఆయనకు కూడా పత్తి కట్టె అనే చెప్పిందని నాకు అప్పుడే తెలిసింది. ఫోన్ పెట్టేసి నన్ను చూసింది.

"రాండ్రి సారు. కూసోండ్రి."

ఎప్పుడూ తమ్మీ అనే మనిషి సారు అంటే ఎలా ఉంటుందో చెప్పలేను. అరుగు మీద ఓ చివరన కూర్చున్నాను. తప్పయింది వదినె అన్నాను. ఆమె ఆ మాటను విననట్టే పక్కకు పెట్టేసింది.

"ఒక్కటి చెప్పు. నేను వండితె పోరలకు వస్తదా గది?"

"రాదు వదినె."

"కన్ను తుడుసుకొని గంటె పడితె?"

"అట్ల గూడ రాదు. డాక్టరమ్మను గూడ అడిగిన."

"మరి గా మాట చెప్పకపోతివి పొద్దుగాల." గొంతు పెంచలేదు. "రక్తమన్నవ్, కన్నన్నవ్, యుద్ధమన్నవ్. అన్ని చెప్పినవ్. గీ ఒక్కటి నీ నోట్లకెల్లి రాకపాయె."

అంతసేపు మాట్లాడి, వినేవాళ్లకు అసలు కావలసిన ఆ ఒక్క మాట నాకు తట్టనే లేదు. ఎందుకంటే అది నన్ను గొప్ప చేసే మాట కాదు.

గ్రూపులో రాస్తానన్నాను, వచ్చే ఆదివారం అందరి ముందు లేచి క్షమాపణ అడుగుతానన్నాను. రెండూ వద్దంది. నువ్వు లేచినకొద్దీ ఇది పెరుగుతుంది అంది. ఏం చేయాలో తనే చెప్పింది. రేపు బడికి రావాలి. వెనకింటి ఆమె వస్తుంది, ఆమె అడిగినదానికే జవాబు చెప్పాలి. అడగనిది చెప్పకూడదు. తను అక్కడే ఉంటుంది, తన వెనక ఒక్క మాట కూడా ఉండకూడదు.

"మస్కట్‌కు గూడ నువ్వే ఫోన్ చెయ్యి. పరేషాన్ అయితుండు."

అక్కడే కూర్చుని చేశాను. అన్న మొదట తిట్టాడు. తర్వాత ఆయన అడిగినవన్నీ వదిన అడిగినవే, ఒకటి మాత్రం కొత్తది: ఆ రెండో కన్ను పోతదా అని. వదిన ముఖం చూశాను. చెప్పు అన్నట్టు తలూపింది. పోవాలని లేదు, కానీ మళ్లీ రావచ్చు, పొగలాగ కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి రావాలి, వస్తే కాపాడొచ్చు అని చెప్పాను. వదిన కూడా ఆ మాటను శ్రద్ధగా వింది. వరండాలో ఆమెకు ఒకసారి చెప్పిన మాటే అది. కానీ అప్పుడు ఆమె ఏడుపు ఆపుకోవడంలో ఉంది, నేను రక్తం అడిగే తొందరలో ఉన్నాను.

సోమవారం బడిలో వంట అయ్యేసరికి వెళ్లాను. అన్నం, పప్పుచారు, ఉడికిన గుడ్లు. వంటగది అంటే పైన రేకులు, మూడు వైపులా గోడ. వదిన పొయ్యి దగ్గర, తల మీద కొంగు లేకుండా, రోజూ ఉన్నట్టే ఉంది. వెనకింటి ఆమె వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు తల్లులు వచ్చి రేకుల బయటే నిలబడ్డారు. పెద్దసారు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఆయన నెమ్మదైన మనిషి. తినేది ఆమె, తినమని నేను బలవంతం చేయను, ఆమె వద్దంటే పైకి రాయాల్సి వస్తుంది అన్నారు. పైకి రాస్తే వదిన పని ఇక లేనట్టే. అది అక్కడ ఉన్న అందరికీ తెలుసు.

వెనకింటి ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి అడిగింది, కండ్లకెల్లి పురుగులు రాలుతయా అని.

"రాలయి. అది పురుగు కాదు, కంటికి కనపడనంత చిన్నది. కంటి వెనుక పొరల ఉంటది. బయటికి రాదు."

"మరి ఆమెకెట్ల వచ్చింది?"

వదిన వైపు చూశాను. చెప్పు అంది.

పిల్లుల నుంచి వస్తుందని చెప్పాను. పిల్లి పెంట పడిన మట్టిలో చేయి పెట్టి, కడుక్కోకుండా తింటే రావచ్చు, కడగని కూరగాయల నుంచి రావచ్చు, సగం ఉడికిన మాంసం నుంచి రావచ్చు. ఒక మనిషి నుంచి పక్క మనిషికి ఇలా రాదు.

ఆమె ముఖం మారింది. "పిల్లికెల్లి వస్తదా?"

"వస్తది."

"మా ఇంట్ల పిల్లున్నది."

వదిన గంటె పక్కన పెట్టింది. "ఉన్నదిగా. రోజు నీ గోడ దుంకి గీడికే వస్తది. నేను మూత వెట్టిన గంజు మీద కూసుంటది, కట్టె వట్టుకొని కొడ్త."

బయట నిలబడిన ఇద్దరిలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకింటి ఆమె మాత్రం నవ్వలేదు. ఆమె గొంతు తగ్గింది.

"అంటె నాకు గూడ ఉండొచ్చా?"

ఉండొచ్చు అన్నాను. ఆమెకే కాదు, నాకూ ఉండొచ్చు, పెద్దసారుకూ ఉండొచ్చు. చాలామందిలో అది ఉన్నట్టు కూడా తెలియకుండా ఉంటుంది. వదినకు మాత్రం కంటి దాకా ఎందుకు పోయిందన్నది మాకూ తెలియదు. ఆమె ఇచ్చిన రక్తంతో మేం చూస్తున్నది సరిగ్గా అదే. తెలిస్తే ఇంకొకరి కన్ను పోకుండా ఆపే దారి దొరకొచ్చు. వెనకింటి ఆమె అడిగింది మాత్రం ఒక్కటే. ఎక్కువ చెప్పానేమోనని వదినను చూశాను. ఆమె అభ్యంతరం పెట్టలేదు.

వెనకింటి ఆమె కాసేపు తన చేతులు చూసుకుంది. తర్వాత నన్ను వదిలేసి వదిన వైపు తిరిగింది.

"నాకెందుకు చెప్పలే నువ్వు? పత్తి కట్టె అంటివి. నేను పసుపు నూరి తెచ్చిస్తి."

"చెప్తె నువ్వు తింటుంటివా?"

తరగతిలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. ఆకలితో ఆ గొంతులు పడిపోతున్నాయి. వెనకింటి ఆమె బకెట్ దగ్గరికి పోయి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. అంతగా ఎందుకు కడుక్కుంటోందో అందరికీ అర్థమైంది. తర్వాత పళ్లెం తీసుకుంది. వదిన అన్నం పెట్టి, పప్పుచారు పోసింది. ఆమె కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. నేను ఆమె నోటి వైపే చూస్తూ నిలబడ్డాను. ల్యాబ్‌లో మూత తీసి కణాలు బతికాయో లేదో చూసేటప్పుడు కూడా నేను అలా నిలబడలేదు.

"ఉప్పు తక్కువైంది" అంది.

"నిన్న ఏడ్సుడుతోని యాది లేకుంటైంది" అంది వదిన, ఉప్పు డబ్బా అందుకుంటూ.

వెనకింటి ఆమె పళ్లెంలో ఉన్నదంతా తింది. గుడ్డు కూడా తింది. బయట నిలబడిన ఇద్దరూ వెళ్లిపోయారు. పెద్దసారు కుర్చీలోంచి లేచి, గంట కొట్టమన్నారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. నేను రేకుల కింద ఉన్న ఇటుకల మీద కూర్చున్నాను. అంత తేలిక ఎప్పుడూ అనిపించలేదు నాకు. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదు, ఆమెకు దక్కాల్సింది. అయినా నాకు కూడా దక్కింది. వదిన ఒక పళ్లెం నా ముందు పెట్టి, తిను తమ్మీ, నువ్వు గూడ సూడాలె గదా రుచి అంది. ఉప్పు ఇప్పుడు ఎక్కువైంది. అది నేను చెప్పలేదు.

పిల్లలు తిని వెళ్లాక, ఆమె గంజు తోముతుంటే కణాల సంగతి అడిగాను. నీ రక్తంతో పెరిగినవి నీవే, వద్దంటే తీసేస్తాం, ఎవరూ ఏమీ అనరు అని చెప్పాను. తీసేస్తే నా పని మళ్లీ మొదటికి వస్తుంది. నెలల తరబడి పోసిన పోషణంతా పోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆమె తనే అడిగింది:

"వద్దంటె నీ పని ఏమైతది?"

"గది నువ్వు సూడద్దు వదినె."

అన్నతో మాట్లాడి చెప్తానంది. ఆ వారమంతా ఆ కణాలకు మేత మార్చేటప్పుడు, ఇదే ఆఖరిసారేమో అనుకుంటూనే మార్చాను. వారం చివర్లో ఆమె నాకు కాదు, నేరుగా డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఉంచండి అందట. ఆ తమ్మిని మాత్రం మనుషుల దగ్గరికి పంపకండి, గిన్నెల దగ్గరే ఉంచండి అని కూడా అందట. డాక్టరమ్మ నాకు అది చెబుతూ మొదటిసారి నవ్వింది.

అప్పటికే నేను చేసింది నా మాటల్లోనే పూర్తిగా రాసి ఆసుపత్రిలో ఇచ్చాను. రోగులను కలిసి రక్తం అడిగే పని నన్ను అడిగే ముందే వదులుకున్నాను. ఇప్పుడు ఆ పని నా తోటి అమ్మాయి చేస్తుంది. ఎవరి కణాలు ఎవరివో నాకు తెలియకుండా గుర్తులన్నీ మార్చమని అడిగాను, మార్చారు. ఇప్పుడు వదినవి ఏవో నాకు తెలియదు. అన్నిటికీ ఒకేలా మేత పెడతాను.

ఇది రాయడం కూడా ఆమె సంగతి మళ్లీ బయటపెట్టడమే. ఊరి పేరు తీసేసినంత మాత్రాన ఆ తప్పు తీరదు. అందుకని చిత్తుప్రతి పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లి, అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. అక్క నన్ను తిట్టిన చోట ఇంకా తిట్టాల్సింది అంది. రెండు చోట్ల ఆపమంది. అన్న గురించి నేను రాసిన ఒక మాట, తన గురించి రాసిన ఇంకొక మాట. ఎందుకని నేను అడగలేదు. ఆమె ముందే ఆ రెండూ కొట్టేసి, మిగిలినదాన్ని మళ్లీ చదివి వినిపించాను. ఆమె సరే అన్నాకే ఇంటికి వచ్చి దీన్ని శుభ్రంగా రాసుకున్నాను.